అమెరికా గమ్ డబ్బా, యూరప్ గమ్ పొట్లం

ఈ ప్రశ్న అడిగినవారు డల్లాస్‌లో ఎం.ఎస్. ముగించుకుని ఉద్యోగానికి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వెళ్తున్నారట. యూరప్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్లు నిజంగానే అంత చిన్నవా, కారులో పెట్టుకునే పెద్ద డబ్బాలు అక్కడ దొరుకుతాయా, రెండు చోట్లా ఉన్నవాళ్లకు ఏ గమ్‌లు నచ్చాయి అని అడిగారు. తినుబండారాలకు ఫ్లేవర్లు తయారుచేసే పనిలో నేను కొన్నేళ్లు న్యూజెర్సీలో, ఆ తరవాత నెదర్లాండ్స్‌లో ఉన్నాను. గమ్ నమలడానికి జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: చిన్నవే. డల్లాస్‌లో మీకు అలవాటైన 'ఎక్స్‌ట్రా' బ్రాండు గమ్ ప్యాకెట్‌లో 15 స్టిక్‌లు ఉంటాయి. ఒక్కో స్టిక్ 2.7 గ్రాములు, అంతా కలిపి 40 గ్రాములు. అదే ఎక్స్‌ట్రా బ్రిటన్‌లో కొంటే చేతికొచ్చేది పైన గట్టి పూత ఉన్న 10 బిళ్లల పొట్లం, బరువు 14 గ్రాములు. అంటే మూడో వంతు. ఒక్కో బిళ్ల 1.4 గ్రాములే కాబట్టి అమెరికా స్టిక్‌లో సగం. ఒక్క బిళ్ల వేసుకుంటే నోట్లో ఏదీ ఉన్నట్టే ఉండదు. చాలామంది రెండేసి వేసుకుంటారు. అలా చూస్తే ఆ పొట్లం అయిదుసార్లకే సరి.

డబ్బాలు కూడా దొరుకుతాయి, కంగారు పడకండి. కాకపోతే యూరప్‌లో పెద్ద డబ్బా అంటే 46 బిళ్లలు, 64 గ్రాములు. అమెరికాలో ఐస్ బ్రేకర్స్ ఐస్ క్యూబ్స్ అనే గమ్ సీసాలో 40 ముక్కలకే 92 గ్రాములు తూగుతుంది. లెక్కలో ఎక్కువ ముక్కలున్నది యూరప్ డబ్బా, బరువులో ఎక్కువున్నది అమెరికా సీసా. ముక్కల సంఖ్య చూసి పోల్చకండి, గ్రాములు చూడండి. ఈ పనిలో యూరప్ షెల్ఫులు మీకు సాయం చేస్తాయి. ధర చీటీ కింద చిన్న అక్షరాల్లో కిలో ధర కూడా వేయాలని అక్కడ నియమం ఉంది. గమ్‌కి కిలో ధర చూసినప్పుడు మాత్రం గుండె దిటవు చేసుకోండి.

ఎందుకింత తేడా? నా అభిప్రాయంలో దీనికి నాలుకతో సంబంధం లేదు, ప్రయాణంతో ఉంది. అమెరికాలో గమ్ ఉండేది కారులో, గేరు పక్కన కప్పు పెట్టుకునే గుంటలో. ఆ గుంటకు సరిపోయే సీసాలు తయారుచేశారు. కొనేది కూడా వారానికోసారి కారేసుకుని వెళ్లే పెద్ద స్టోర్లో, లేదా కాస్ట్‌కో లాంటి టోకు దుకాణంలో కట్టలు కట్టలుగా. ఐండ్‌హోవెన్‌లో మీరు సైకిల్ తొక్కుతారు, రైలెక్కుతారు. గమ్ చొక్కా జేబులో ఉంటుంది, కొనేది స్టేషన్ కియోస్క్‌లోనో, రోజూ దారిలో ఆగే సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్ దగ్గరో. అయిపోతే రేపు మళ్లీ అదే దారి. ఇంట్లో నిల్వ పెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

ఇంకో మెట్టు దిగితే మన ఊరి కిరాణా కొట్టు. అక్కడ గాజు సీసాలోంచి ఒక్క గమ్ తీసి ఇస్తారు. అమెరికాలో పదిహేను, యూరప్‌లో పది, మన దగ్గర ఒకటి. ఇక్కడో తమాషా ఉంది. తొంభైల్లో పెరిగిన మనవాళ్లంతా బబుల్ గమ్ అంటే అమెరికా వస్తువు అనుకుంటాం. నిజానికి మనం నమిలిన వాటిలో పేరుమోసినవి చాలావరకు యూరప్ సరుకే. సెంటర్ ఫ్రెష్, బిగ్ బబూల్ ఇటలీకి చెందిన పెర్ఫెటీవి. సెంటర్ ఫ్రెష్ 1994లో వచ్చింది. బూమర్‌ని తెచ్చిన జాయ్‌కో స్పెయిన్ కంపెనీ. అమెరికాకు చెందిన రిగ్లీ 2004లో జాయ్‌కోని కొన్న తరవాతే బూమర్ అమెరికన్ చేతుల్లోకి వెళ్లింది. కాబట్టి మీరు ఐండ్‌హోవెన్‌లో దిగడమంటే ఒకరకంగా పాత చుట్టాలింటికి వెళ్లడమే. పెర్ఫెటీ 2001లో మెంటోస్ తయారుచేసే డచ్ కంపెనీ వాన్ మెలేని కలిపేసుకుంది. వాళ్ల డచ్ ఆఫీసు ఉన్న బ్రెడా మీకు రైల్లో దగ్గరే.

అమెరికాలో గమ్‌కి ఆ భారీతనం మొదటినుంచీ ఉంది. విలియం రిగ్లీ 1891లో చికాగోలో మొదలుపెట్టింది సబ్బుల వ్యాపారం. సబ్బు కొంటే బేకింగ్ పౌడర్ ఉచితం అన్నాడు, జనం పౌడర్ కోసం ఎగబడ్డారు. సరే అని పౌడర్ అమ్ముతూ గమ్ ఉచితంగా ఇచ్చాడు, ఈసారి గమ్ కోసం ఎగబడ్డారు. 1893లో జూసీ ఫ్రూట్, స్పియర్‌మింట్ రెండూ వచ్చాయి. 1915లో దేశంలోని టెలిఫోన్ డైరెక్టరీలు ముందేసుకుని, అందులో పేరున్న వాళ్లందరికీ పోస్టులో గమ్ పంపించాడు. చిరునామాలు సుమారు 15 లక్షలు! ఒకే భాష, ఒకే చట్టం, ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా ఒకే మార్కెట్ ఉన్నచోట సాధ్యమయ్యే పని అది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో మార్ష్ సూపర్‌మార్కెట్‌లో ప్రపంచంలోనే మొదటిసారి బార్‌కోడ్ స్కాన్ చేసి అమ్మిన వస్తువు ఏమిటో తెలుసా? పది ప్యాకెట్ల జూసీ ఫ్రూట్ కట్ట. కట్ట అని గమనించండి, విడి ప్యాకెట్ కాదు. సియాటిల్‌లో పైక్ ప్లేస్ మార్కెట్ పక్కన జనం నమిలిన గమ్ అంటించే గోడ ఉంది. 2015లో దాన్ని కడిగితే వెయ్యి కిలోలకు పైగా గమ్ ఊడొచ్చింది. ఈ వర్ణన చదివాక ఆ గోడ చూడాలనిపిస్తే మీ ఇష్టం.

యూరప్‌లో కథ వేరు. అక్కడ గమ్‌ని ఇంటింటికీ పరిచయం చేసింది రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన అమెరికన్ సైనికులు. వాళ్ల రేషన్ పెట్టెల్లో గమ్ ఉండేది, ఊళ్లలో పిల్లలు వెంటపడి అడిగేవాళ్లు. యుద్ధం అయ్యాక ఏ దేశానికాదేశం తన గమ్ తాను చేసుకుంది. ఫిన్లాండ్‌లో 1951లో జెంకీ, ఫ్రాన్స్‌లో 1952లో హాలీవుడ్ వచ్చాయి. ఇటలీలో పెర్ఫెటీ సోదరులు తమ గమ్‌కి బ్రూక్లిన్ అని పేరు పెట్టి, న్యూయార్క్ వంతెన బొమ్మ వేశారు. పేర్లన్నీ అమెరికావి, తయారీ అంతా స్థానికం. దేశాల మధ్య ఆ గీతలు ఇప్పటికీ చెరగలేదు. ఫ్రాన్స్‌లో హాలీవుడ్, డెన్మార్క్‌లో స్టిమొరోల్, ఇటలీలో విగోర్సోల్, పోలండ్‌లో ఆర్బిట్, నెదర్లాండ్స్‌లో స్పోర్ట్‌లైఫ్. రెండు గంటలు రైల్లో వెళ్తే కౌంటర్ మీద ఉన్న గమ్ మొత్తం మారిపోతుంది. డల్లాస్ నుంచి బోస్టన్ దాకా విమానంలో వెళ్లినా మీకు అదే ఎక్స్‌ట్రా, అదే ట్రైడెంట్.

ఆర్బిట్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. యుద్ధకాలంలో మంచి ముడిసరుకు దొరక్క, ఉన్న అసలు బ్రాండ్లన్నీ సైన్యానికి పంపేసి, ఇంట్లో ఉన్న అమెరికన్ల కోసం రిగ్లీ 1944లో చేసిన రెండో రకం గమ్ అది. యుద్ధం అయ్యాక మాయమైంది. డెబ్బైల్లో చక్కెర లేని గమ్‌గా యూరప్‌లో మళ్లీ పుట్టింది. అక్కడ పెద్దదై 2001లో అమెరికాకు తిరిగొచ్చింది. ఈ మధ్య ఇంకో తారుమారు కూడా జరిగింది. ట్రైడెంట్, డెంటైన్ లాంటి అచ్చమైన అమెరికన్ గమ్‌లను, వాటితో పాటు హాలీవుడ్, స్టిమొరోల్‌లను కూడా మాండలీజ్ అనే అమెరికా తినుబండారాల కంపెనీ అమ్మేసింది. 135 కోట్ల డాలర్లకు బేరం కుదిరి 2023లో పూర్తయింది. కొన్నది మన పెర్ఫెటీనే. డల్లాస్‌లో మీరు నమిలిన ట్రైడెంట్ ఇప్పుడు మిలాన్ పక్కనున్న లైనాటే కంపెనీది.

ఇక రుచులు. నాకు ఆసక్తి ఉన్నది అసలు ఇక్కడే.

పుదీనా రెండు చోట్లా రాజే. అందులో స్పియర్‌మింట్ మన పచ్చడి పుదీనాకు దగ్గర చుట్టం, తియ్యగా, ఆకు వాసనతో ఉంటుంది. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ, ముక్కులోకి చల్లగా ఎక్కుతుంది. అమెరికాలో రెండూ సమానంగా నడుస్తాయి. యూరప్ మొగ్గు చల్లదనం వైపు. ఎయిర్‌వేవ్స్ అని బ్రిటన్‌లో పుట్టిన గమ్ ఉంది. మెంథాల్, నీలగిరి తైలం కలిపి చేస్తారు. మొదటిసారి నమిలినప్పుడు కళ్లు చెమరుస్తాయి. జలుబు చేసిన రోజున దాన్ని మించింది లేదు.

వింటర్‌గ్రీన్ మాత్రం అమెరికాకే సొంతం. మీరు డచ్ సహోద్యోగికి వింటర్‌గ్రీన్ గమ్ ఇస్తే మొహం చిట్లిస్తాడు. ఎందుకంటే దాని వాసనకు మూలం మిథైల్ శాలిసిలేట్. కీళ్ల నొప్పులకు, ఆటగాళ్ల కండరాలకు రాసే మందుల్లో ఉండేది అదే. యూరప్ వాళ్లకు ఆ వాసన అంటే జిమ్‌లో బట్టలు మార్చుకునే గది గుర్తొస్తుంది. మనకూ అంతే, మన బామ్‌లలో వేసే గంధపుర తైలం సరిగ్గా ఈ సరుకే. జూసీ ఫ్రూట్ పుట్టిన 1893లోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి వాసనని అమెరికన్లు మిఠాయిగా ఎలా తింటారో నాకు చాలాకాలం అర్థంకాలేదు. చిన్నప్పుడు ఏ సీసాలో వాసన చూశామో ముక్కు దాన్నే నమ్ముతుంది, అంతకంటే శాస్త్రం లేదు.

దాల్చిన చెక్క కూడా అమెరికా పిచ్చే. బిగ్ రెడ్ నమిలితే మొదటి నిమిషంలో నాలుక మండుతుంది. మన బిర్యానీలో దాల్చిన చెక్క నెమ్మదిగా వెనక నిలబడుతుంది, ఇక్కడ మాత్రం దాని నూనెలోని సారం ఒక్కటే ముందుకొచ్చి కూర్చుంటుంది. కారం తినే నోటికి అది హాయిగా ఉంటుంది. నా అమెరికా జాబితాలో మొదటి స్థానం దీనికే. ఉత్తర యూరప్‌లో ఇది దొరకడం కష్టం, దొరికినా అమెరికన్ మిఠాయిల దుకాణంలో మూడింతలు వసూలు చేస్తారు.

దానికి బదులు అక్కడ అతిమధురం ఉంది. మన ఇళ్లలో దగ్గుకి బుగ్గన పెట్టుకునే ఆ చెట్టు వేరు అదే. డచ్ వాళ్లు, డేన్‌లు, ఫిన్నులు దాన్ని ప్రాణంగా తింటారు. కొందరు నవసాగరం కలిపిన ఉప్పటి రకం కూడా లాగించేస్తారు. మీకు దాని జోలికి వెళ్లమని నేను చెప్పను. కానీ పాత స్టిమొరోల్ రుచి, ఆ మిరియం తగిలిన అతిమధురం, ఒకసారి చూడాల్సిందే. గ్రీస్ వెళ్తే కియోస్ దీవి మస్తిహా గమ్ కొనండి. ఆ చెట్టు బంకను ప్రాచీన కాలం నుంచీ నములుతున్నారు. దేవదారు, సాంబ్రాణి మధ్య ఎక్కడో ఉంటుంది దాని వాసన. తీపి తక్కువ. పండు రుచి గమ్‌లతో పెరిగినవాళ్లు మొదట ఉమ్మేస్తారు, తరవాత వెతుక్కుంటారు. నమలడంలో అమెరికాని పాతదనుకునేవాళ్లకు ఇంకో మాట: డెన్మార్క్‌లో దొరికిన, ఎవరో నమిలి పారేసిన భూర్జ చెట్టు జిగురుముద్ద వయసు 5,700 ఏళ్లు. అందులోంచి నమిలిన మనిషి జన్యుక్రమం మొత్తం తీసి 2019లో ప్రచురించారు.

'అమెరికా గమ్ రుచి ఎక్కువసేపు ఉంటుంది' అని చాలామంది అంటారు. అందులో కొంతే నిజం. గమ్‌లో నమిలినా కరగని బంక ఒకటి, నీళ్లలో కరిగే తీపి ఒకటి, బంకలో ఇమిడి ఉండే సుగంధ తైలం ఒకటి. తీపి కొద్ది నిమిషాల్లో ఉమ్మిలో కరిగి వెళ్లిపోతుంది. తైలం చాలావరకు బంకలోనే మిగిలి ఉన్నా, తీపి లేకపోతే మెదడుకు పుదీనా తెలియదు. నమ్మకం లేకపోతే చప్పబడ్డ గమ్ నోట్లో ఉండగానే చిటికెడు పంచదార వేసుకోండి, పుదీనా లేచి వస్తుంది. ఎక్కువసేపు ఉండే గమ్ అంటే తీపిని నెమ్మదిగా వదిలేలా పూత పట్టించినది, అంతే. స్టిక్ బరువు ఎక్కువ కాబట్టి తీపి మోతాదూ ఎక్కువ. రెండు యూరప్ బిళ్లలు వేసుకుంటే తేడా దాదాపు పోతుంది.

తీపి దగ్గర ఇంకో తేడా. జూసీ ఫ్రూట్, బిగ్ రెడ్ లాంటి చక్కెర గమ్‌లు అమెరికాలో ఇంకా కౌంటర్ మీదే ఉన్నాయి. యూరప్‌లో పెద్దవాళ్ల గమ్ అంటే దాదాపు చక్కెర లేనిదే. ఈ మార్పులో ఫిన్లాండ్ పాత్ర పెద్దది. డెబ్బైల్లో అక్కడి టుర్కు విశ్వవిద్యాలయంలో, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం మీద పరిశోధనలు జరిగాయి, అది పళ్లను పుచ్చనివ్వదని తేలింది, 1975లో జైలిటాల్ జెంకీ బజారులోకి వచ్చింది. యూరప్‌లో నా మొదటి ఓటు దానికే. జైలిటాల్ కరిగేటప్పుడు నోటి వేడిని తీసుకుంటుంది, అందుకే మెంథాల్ తక్కువున్నా చల్లగా తగులుతుంది. బిళ్ల చిన్నది, రుచి శుభ్రంగా ఉంటుంది, పది నిమిషాల్లో పని ముగుస్తుంది. భోజనం అయ్యాక అంతకంటే ఏం కావాలి?

చక్కెర లేనిది కదా అని ప్యాకెట్ మొత్తం నమిలేవాళ్లకు ఒక హెచ్చరిక. సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలు పేగుల్లోకి నీళ్లు లాగుతాయి. వాటి వాటా పది శాతం దాటితే, ఎక్కువ తింటే విరేచనాలవుతాయని యూరప్‌లో ప్యాకెట్ మీద తప్పకుండా రాయాలి. అమెరికాలో సార్బిటాల్ విషయంలో, రోజుకి 50 గ్రాములు లోపలికి వెళ్లే అవకాశం ఉంటేనే ఆ మాట రాయాలి. గమ్‌తో అంత ఎవరూ చేరరు, కాబట్టి మీరు డల్లాస్‌లో ఆ వాక్యం చూసి ఉండరు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెర్లిన్ వైద్యులు ఇద్దరి సంగతి రాశారు. ఆగని విరేచనాలు, విపరీతంగా బరువు తగ్గడం. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే వాళ్లు రోజుకి 15 నుంచి 20 స్టిక్‌ల గమ్ నములుతున్నారు. మానేయగానే తగ్గిపోయింది. పదిహేను అంటే అమెరికాలో ఒక్క ప్యాకెట్! ప్యాకెట్ చిన్నదైతే ఆ ప్రమాదం దానంతటదే తగ్గుతుంది. పొట్లం చిన్నదని విసుక్కునేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పూత తెల్లదనంలో కూడా తేడా కనిపిస్తుంది. పాలలా మెరిసే తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ వాడేవారు. 2022లో యూరోపియన్ యూనియన్ దాన్ని ఆహారంలో నిషేధించింది. అమెరికాలో ఇంకా అనుమతి ఉంది. యూరప్ బిళ్ల కాస్త మాసినట్టు కనిపిస్తే అది పాత సరుకని అనుకోవద్దు.

మీ పెట్టె సర్దుకునే సంగతికొస్తే, ఐస్ క్యూబ్స్ సీసాలు మోసుకెళ్లకండి, అలాంటివి అక్కడ మెంటోస్ డబ్బాల్లో దొరుకుతాయి. బిగ్ రెడ్ మాత్రం ఒక కట్ట తీసుకెళ్లండి. వింటర్‌గ్రీన్ అలవాటుంటే అది కూడా, ఎందుకంటే ఐండ్‌హోవెన్ సూపర్‌మార్కెట్‌లో దాన్ని వెతకడం దండగ. దిగిన వారంలో స్పోర్ట్‌లైఫ్ కొనండి. మాత్రల షీటులా ఒక్కో బిళ్లా వెనకనుంచి నొక్కి తీసుకోవాలి, జేబులో దుమ్ము పట్టదు. తరవాత స్టిమొరోల్. జెంకీ కోసం హెల్సింకీ వెళ్లే స్నేహితుల్ని వెతకండి, లేదా డచ్ జైలిఫ్రెష్‌తో సరిపెట్టుకోండి. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ గమ్ ఏదైనా సరే దానికి అందని ఎత్తులో పెట్టండి, మనకు పళ్లకు మంచి చేసేది కుక్కకు విషం. కొద్ది బిళ్లలు చాలు ప్రాణం మీదికి రావడానికి.